మన ‘కేజీ’ వెనక ఉన్న మాస్టారు



మీ పాప ఎల్‌కేజీలోనో, బాబు యూకేజీలోనో ఉంటే ఆ మాటను మీరు రోజుకు నాలుగుసార్లయినా పలుకుతుంటారు. ఫీజు రసీదు మీద అదే, డైరీ అట్ట మీద అదే, ఇంటికొచ్చిన చుట్టాలు ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే పాప చెప్పేదీ అదే. అందులోని చివరి రెండు అక్షరాలు కిండర్‌గార్టెన్ అనే జర్మన్ మాటకు పొట్టి రూపం. పిల్లల తోట అని అర్థం. ఆ మాటను పుట్టించిన మనిషి పేరు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. మీలో డీఎడ్, బీఎడ్ చేసినవాళ్లకు, టెట్ రాసినవాళ్లకు ఈ పేరు ఒక మార్కు బిట్‌గా గుర్తుండే ఉంటుంది. జవాబు దిద్దేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయి ఉంటారు.

ఈ నెల చిన్న తరగతుల పిల్లలు కాగితంతో పువ్వు మడవడం నేర్చుకుంటున్నారు. ఆ పని బడిలోకి రావడానికి కూడా చాలావరకు ఆయనే కారణం. అందుకే ఆ ఒక్క మార్కు మనిషి గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. చదువుతూ ఒక చదరపు కాగితం పక్కన పెట్టుకోండి. చివర్లో దానితో పని ఉంది.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియా కొండల్లో, ఓబర్‌వైస్‌బాఖ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. ఊరి పనులతోనే ఆయనకు సరిపోయేది, ఇంట్లో పిల్లల ముఖం చూసే తీరిక ఉండేది కాదు. పిల్లవాడికి తొమ్మిది నెలల వయసులో తల్లి చనిపోయింది. పనివాళ్లు, అన్నలు కలిసి సాకారు. కొన్నేళ్లకు సవతి తల్లి వచ్చింది. మొదట్లో ఆమె వాణ్ణి దగ్గరకు తీసింది. అమ్మ లేని పిల్లవాడు కదా, వాడు కూడా ఆమెను అల్లుకుపోయాడు. తర్వాత ఆమెకు సొంత కొడుకు పుట్టాడు. అక్కడి నుంచి దూరం మొదలైంది.

ఆ దూరం తనకు ఎలా తెలిసిందో పెద్దయ్యాక ఆయన రాసుకున్నారు. ఆమె వాణ్ణి నువ్వు అనడం మానేసింది. అప్పటి జర్మన్ ఇళ్లలో ఎదురుగా ఉన్న మనిషినే ‘అతను’ అంటూ, అక్కడ లేని మనిషి గురించి చెబుతున్నట్టు పిలిచే పద్ధతి ఒకటి ఉండేది. కింది పనివాళ్లతో, దూరం పెట్టాలనుకున్నవాళ్లతో అలా మాట్లాడేవారు. ఆమె ఆ పిలుపుకు మారిపోయింది. తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రోజూ ఒరేయ్ నాన్నా అని పిలిచే అమ్మ, ఉన్నట్టుండి పక్కింటి అబ్బాయితో మాట్లాడినట్టు మాట్లాడితే ఆ పసివాడికి ఎలా ఉంటుందో మీరు ఊహించగలరు. 1827లో, నలభై అయిదేళ్ల వయసులో తన జీవితం గురించి రాస్తూ కూడా ఆయన ఆ ఒక్క పిలుపును మర్చిపోలేదు.

ఇంటి చుట్టూ వేరే ఇళ్లు, గోడలు, కంచెలు. వాటిని దాటి వెళ్లడానికి వీల్లేదు. పైన కొంచెం ఆకాశం, కింద కొంచెం గడ్డి, ఓ తోట. వాడి ప్రపంచం అంతే. అక్షరాలు త్వరగా రాలేదు. వీడికి చదువు అబ్బదని తండ్రి తేల్చేశాడు. పైగా ఊళ్లోని మగపిల్లల బడి మాస్టారితో తండ్రికి పొసగక, వాణ్ణి ఆడపిల్లల బడిలో కూర్చోబెట్టారు.

ఆ చిన్నతనంలో ఒక మంచి సంగతి కూడా ఉంది, అది పువ్వుకు సంబంధించినదే. అన్న క్రిస్టఫ్ చదువుకునే ఊరి నుంచి ఇంటికి వచ్చినప్పుడు తమ్ముణ్ణి చేరదీసేవాడు. హేజెల్ చెట్టు మొగ్గల్లో సన్నటి ఊదారంగు దారాల్లాంటివి కనిపించి తమ్ముడు మురిసిపోతుంటే, అన్న కూర్చోబెట్టి పువ్వు అంటే ఏమిటో, అందులో ఆడ భాగం ఏదో, మగ భాగం ఏదో చెప్పాడు. మనుషుల మధ్య వాడికి అర్థమయ్యేది ఒక్కటీ లేదు. పువ్వు లోపల మాత్రం ప్రతిదానికీ ఒక చోటు ఉంది, ఒక పని ఉంది. ఇది తెలిశాక తన మనసు కుదుటపడిందని ఆయన చెప్పుకున్నారు.

పదేళ్లప్పుడు మేనమామ హాఫ్‌మన్ చూడ్డానికి వచ్చాడు. మేనల్లుడి వాలకం చూసి ఊరుకోలేక, తనతో పాటు ష్టాట్‌ఇల్మ్ అనే ఊరికి తీసుకుపోయాడు. తోటి పిల్లలతో గోడ అవతల ఆడుకోవడం వాడికి అదే మొదలు. అలవాటు లేక ఆటల్లో వెనకబడేవాడు కూడా. చిన్నపిల్లలకు ఆట అంటే ఏమిటో జీవితమంతా ఆలోచించిన మనిషికి, పదేళ్లు వచ్చేదాకా ఆట సరిగ్గా దొరకలేదు.

తర్వాతి ఇరవై ఏళ్ల కథ వింటే, ఏ ఉద్యోగంలోనూ కుదురుకోని కొడుకు ఉన్న తల్లిదండ్రులు కాస్త ఊపిరి పీల్చుకుంటారు. పదిహేనేళ్లకు అడవి పని నేర్చుకోవడానికి ఒక అటవీ అధికారి దగ్గర చేరారు. 1799లో యేనా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ అన్నల్లో ఒకరికి అప్పుగా ఇచ్చిన డబ్బు తిరిగి రాక, తన బాకీలు తీర్చలేక తొమ్మిది వారాలు విశ్వవిద్యాలయపు జైల్లో గడిపారు. అవును, ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాలకు సొంత జైళ్లుండేవి! ఆ తర్వాత గుమాస్తాగిరీ, భూముల కొలతలు, ఎస్టేటు లెక్కలు. డబ్బు లెక్క మాత్రం ఆయనకు చివరిదాకా పట్టుబడలేదు.

1805లో ఇళ్లు కట్టే విద్య చదువుదామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లారు. అక్కడ గ్రూనర్ అనే హెడ్‌మాస్టరు ఈ కుర్రాణ్ణి చూసి, కట్టడాల సంగతి వదిలేసి తన బడిలో పాఠాలు చెప్పమన్నాడు. పిల్లల ముందు నిలబడగానే తాను ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదేనని తెలిసిపోయిందట. స్విట్జర్లాండ్‌లోని ఇవెర్డన్‌లో పెస్టలాజీ నడుపుతున్న బడి అప్పటికే ఐరోపా అంతటా పేరు మోసింది. ఫ్రోబెల్ అక్కడికి ఒకసారి వెళ్లి చూసి వచ్చారు. తర్వాత 1808 నుంచి రెండేళ్లు, తాను ట్యూషన్ చెబుతున్న ముగ్గురు అన్నదమ్ములను వెంటబెట్టుకుని అక్కడే ఉన్నారు. వస్తువును చేత్తో పట్టుకుని నేర్చుకోవాలన్న మాట ఆయనకు అక్కడ నాటుకుంది.

కాగితం మడతకు దారి తీసిన సంగతి మాత్రం బడిలో కాదు, రాళ్ల గదిలో దొరికింది. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి స్వచ్ఛంద సైనికుడిగా వెళ్లారు. ఆ తర్వాత బడి పనిలో తోడుండే మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అనే ఇద్దరు స్నేహితులు ఆయనకు అక్కడే దొరికారు. తిరిగొచ్చాక బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో, ప్రొఫెసర్ వైస్ దగ్గర సహాయకుడిగా చేరారు. రోజంతా స్ఫటికాలను వేరు చేసి సర్దడం ఆయన పని. ఈసారి పటికబెల్లం కొన్నప్పుడు ఒక పలుకును వెలుతురులో పెట్టి చూడండి. ఎవరూ చెక్కకుండానే దానికి అంచులు, మూలలు, నున్నటి ముఖాలు ఉంటాయి. స్ఫటికం తన లోపలున్న ఒక నియమం ప్రకారం పెరుగుతుంది. ఒక వైపు ఏం జరిగితే ఎదురు వైపూ అదే జరుగుతుంది. పిల్లవాడు కూడా అలాగే లోపలి నుంచి పెరుగుతాడని, బయటి నుంచి చెక్కితే తయారయ్యేవాడు కాదని ఆయనకు అక్కడ అనిపించింది. ఈ పోలికను ఎంత దూరం లాగవచ్చో నాకైతే అనుమానమే. పిల్లలు స్ఫటికాలంత బుద్ధిగా ఉండరు. ఆయన పుస్తకాల్లో ఇలాంటి మాటలు చాలా ఉంటాయి, అవి ఓ పట్టాన కొరుకుడు పడవు. కానీ చేత్తో చూపించిన పనుల్లో మాత్రం ఆయన ఎంతో తేట.

అన్న క్రిస్టఫ్ గుర్తున్నాడు కదా, హేజెల్ మొగ్గల అన్న? 1813లో గాయపడిన సైనికులకు సేవ చేస్తూ ఆయన విషజ్వరంతో చనిపోయాడు. వదిన పిల్లలతో ఒంటరిదైంది. ఫ్రోబెల్ మ్యూజియం ఉద్యోగానికి నీళ్లొదిలి, 1816లో అయిదుగురు అన్న కొడుకులతో ఒక బడి మొదలుపెట్టారు. మరుసటి ఏడాది దాన్ని కైల్‌హావ్ అనే పల్లెకు మార్చారు. ఇద్దరు యుద్ధ స్నేహితులూ వచ్చి చేరారు. 1818లో హెన్రియెట్ అనే చదువుకున్న స్త్రీని పెళ్లి చేసుకున్నారు. సుఖంగా పెరిగిన ఆమె ఈ బీద బడికి కాపురానికి వచ్చింది. 1826లో మనిషి చదువు గురించి ఆయన రాసిన పెద్ద పుస్తకం వెలువడింది. బడి కొన్నాళ్లు బాగానే పెరిగింది. తర్వాత ఇక్కడ పిల్లలకు ప్రభుత్వ వ్యతిరేక భావాలు నూరిపోస్తున్నారన్న అనుమానం పుట్టింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించడంతో బడి బాగా చిక్కిపోయింది. ఇది మొదటి దెబ్బ.

1831లో స్విట్జర్లాండ్ వెళ్లారు. అక్కడ బుర్గ్‌డార్ఫ్‌లో ఒక అనాథాశ్రమం బాధ్యత తీసుకున్నప్పుడు, మరీ చిన్నపిల్లల్ని దగ్గరగా చూసే అవకాశం దొరికింది. పదేళ్ల పిల్లలకు చెప్పే పాఠం గురించి అందరూ మాట్లాడుతున్నారు. మూడేళ్ల పిల్ల రోజంతా ఏం చేస్తుంది? దాని గురించి ఎవరూ అడగడం లేదు. అప్పటికి చాలా చోట్ల అంత చిన్నపిల్లలకు దక్కేది ఇంట్లో ఓ మూల, లేదంటే ఏడవకుండా కూర్చోబెట్టి ప్రార్థనలు వల్లె వేయించే చోటు. 1837లో, అంటే యాభై అయిదేళ్ల వయసులో, ఫ్రోబెల్ తురింగియాకు తిరిగొచ్చి బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో ఈ వయసు పిల్లల కోసం ఆట వస్తువులు తయారుచేయడం మొదలుపెట్టారు. రిటైర్మెంట్ గురించి ఆలోచించే వయసులో ఆయన అసలు పని మొదలైంది.

ఆ వస్తువులకు ఆయన కానుకలు అని పేరు పెట్టారు. మొదటి కానుక రంగురంగుల ఊలు బంతులు ఆరు. రెండోది చెక్క గోళం, ఘనం, స్తూపం. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక చెక్క ఘనం. ఆ తర్వాతివి ఇంకా చిన్న ముక్కలు. మీ ఇంట్లో ఉన్న బిల్డింగ్ బ్లాక్స్ డబ్బాకు ఇవి తాతల్లాంటివి. గట్టి వస్తువుల తర్వాత పలచటివి వస్తాయి, పుల్లలు, దారాలు వస్తాయి. వాటి సరసనే మట్టి పని, అల్లిక, కాగితం. ఘనానికి ఉన్న ఒక ముఖాన్ని ఒలిచి పిల్లవాడి చేతిలో పెట్టినట్టు ఉంటుంది ఆ చదరపు కాగితం.

1839లో హెన్రియెట్ చనిపోయింది. వాళ్లకు పిల్లలు లేరు. మరుసటి వసంతంలో, కైల్‌హావ్ నుంచి బ్లాంకెన్‌బుర్గ్‌కు స్నేహితులతో కలిసి కొండ దారిన నడుస్తూ, ఈ కొత్త చోటికి ఏం పేరు పెట్టాలా అని ఆయన మథనపడుతున్నారు. బడి అంటే కాదు. పిల్లల్ని చూసుకునే చోటు అంటే అదీ కాదు. కొండ మీద నుంచి కింది లోయ కనిపించగానే కిండర్‌గార్టెన్ అన్న మాట తట్టింది. చిన్నప్పుడు కంచె లోపల ఆయనకు మిగిలిన ఒకే ఒక మంచి చోటు తోట అని గుర్తుంటే, ఆ మాటే ఎందుకు తట్టిందో మీకు అర్థమవుతుంది. 1840 జూన్ 28న, గుటెన్‌బర్గ్ అచ్చుయంత్రానికి నాలుగు వందల ఏళ్ల పండుగ జరుపుకుంటున్న రోజున, ఆ పేరుతో సంస్థ మొదలైంది. దీనికి డబ్బు కోసం జర్మన్ స్త్రీలకు వాటాలు అమ్మాలనుకున్నారు. ఆశించినన్ని అమ్ముడుపోలేదు.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. మడత పని ఆయన కనిపెట్టింది కాదు. అంతకుముందే ఆ ప్రాంతాల్లో పెద్దింటి విందుల్లో బట్ట రుమాళ్లను పూలలా, పక్షుల్లా మడిచి బల్ల మీద పెట్టేవారు. బాప్తిస్మం రోజున బిడ్డకు ఇచ్చే దీవెన కాగితాన్ని నాలుగు మూలలూ మధ్యకు వచ్చేలా మడిచి, లోపల నాణెం పెట్టి ఇచ్చే ఆచారం కూడా ఉండేది. మన పొట్లం లాంటిదే, కాస్త ముచ్చటైన పొట్లం. ఇంట్లో పెద్దల చేతుల్లో ఉన్న ఈ విద్యను పిల్లల చేతుల్లో పెట్టడం, దానికి ఒక వరస ఏర్పరచడం ఫ్రోబెల్ చేసిన పని.

ఆ వరసలో మడతలు మూడు రకాలు. మొదటి రకం, తెలుసుకోవడానికి. చదరాన్ని అంచుకు అంచు కలిపి మడిస్తే దీర్ఘచతురస్రం వస్తుంది. మూలకు మూల కలిపి మడిస్తే త్రిభుజం వస్తుంది. రెండూ చూడ్డానికి ఒకలా లేవు, కానీ రెండూ అదే కాగితంలో సగం. పెద్ద తరగతిలో వైశాల్యం పాఠం చెప్పేటప్పుడు దీన్ని సూత్రంగా రాయిస్తాం. నాలుగేళ్ల పిల్ల ఆ మాట ఎప్పుడూ వినకుండానే వేలితో తెలుసుకుంటుంది.

రెండో రకం, చుట్టూ కనిపించే వస్తువులు. ఇల్లు, బల్ల, పడవ. వానాకాలంలో మీరు వదిలిన కాగితం పడవ ఈ కోవలోదే.

మూడో రకం కేవలం అందం కోసం. పువ్వులు, నక్షత్రాలు ఇందులో వస్తాయి. ఇక్కడ ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఒక మూలకు ఏం చేస్తే మిగతా మూడు మూలలకూ అదే చేయాలి. ముందుగా నాలుగు మూలలూ మధ్యకు మడుస్తారు. తిప్పి మళ్లీ మడుస్తారు. మళ్లీ తిప్పి మడుస్తారు. అక్కడి నుంచి ఒక్కో రెక్కను కొంచెం విప్పితే ఒక పువ్వు. అదే రెక్క కొసను వెనక్కి వంచితే ఇంకో పువ్వు. కొత్త పువ్వు కోసం కొత్త కాగితం అక్కర్లేదు, పాతదాన్ని పాడుచేయనూ అక్కర్లేదు. కత్తెర లేదు, జిగురు లేదు. నచ్చకపోతే ఒక మడత వెనక్కి వెళ్లవచ్చు. రాళ్ల గదిలో చూసిన స్ఫటికాల నియమాన్నే ఆయన మూడేళ్ల పిల్లల వేళ్లకు అందేలా మార్చారు.

ఈ పద్ధతిలో టీచరు తన కాగితం తాను మడుస్తుంది, పిల్ల తన కాగితం తాను మడుస్తుంది. పిల్ల కాగితాన్ని టీచరు ముట్టుకోదు. మూల సరిగ్గా మధ్యకు రాకపోతే తర్వాతి మడతలో పువ్వు ఒక పక్కకు వాలుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో కాగితమే చూపిస్తుంది, పెద్దవాళ్లు నోరు తెరవక్కర్లేదు. తల్లిదండ్రులుగా మనకు అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. మా క్రాఫ్ట్ అరలోకి చేరే పూలలో కొన్ని రాత్రి పదింటికి అమ్మలు మడిచినవని టీచర్లకు చూడగానే తెలిసిపోతుంది. మూలలు మరీ బాగా కుదురుతాయి!

ఈ చోట్లలో పనిచేయడానికి ఆయన యువతులకు శిక్షణ ఇచ్చారు. ఇంటి బయట ఆడవాళ్లకు గౌరవమైన ఉద్యోగాలు చాలా తక్కువగా ఉన్న కాలంలో అది ఒక కొత్త వృత్తి. మగ మాస్టార్లు చాలామంది నవ్వారు. 1849లో ఆయన లీబెన్‌ష్టైన్‌కు మకాం మార్చినప్పుడు, పల్లె పిల్లలతో గంతులేసే ముసలి పిచ్చాయన అని ఊళ్లో పేరు పడింది. ఆ మాట విని, ఆ పిచ్చాయన ఎవరో చూద్దామని వెళ్లిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలోవ్ అనే జమీందారీ కుటుంబపు స్త్రీ, తర్వాత జీవితమంతా ఆయన పద్ధతిని దేశదేశాల్లో చాటి చెప్పింది. 1851 వేసవిలో, తన దగ్గర శిక్షణ పొందిన లూయిజె లెవిన్‌ను ఆయన రెండో పెళ్లి చేసుకున్నారు.

అదే వేసవిలో, 1851 ఆగస్టు 7న, ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. పిల్లలకు నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారన్నది ఆరోపణ. అసలు సంగతి ఏమిటంటే, ఆయన అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ ఆడపిల్లల చదువు, కిండర్‌గార్టెన్ల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ప్రభుత్వం ఇద్దరు ఫ్రోబెల్‌లనూ కలిపేసింది. ప్రతి పువ్వులోనూ దేవుడి ఏర్పాటును చూసే పాస్టరు కొడుకు మీద నాస్తికుడన్న ముద్ర పడింది. ఇది పొరపాటు, చెబితే సర్దుకుంటుంది అనుకుని ఫ్రోబెల్ వివరణ పంపారు. రాజుగారికి విన్నవించుకున్నారు. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. నిజానికి పొరపాటు పైపై కారణమే అయి ఉంటుంది. 1848 తిరుగుబాట్ల తర్వాత భయపడిన రాజ్యానికి, పిల్లలు తమంతట తాము ఏదైనా చేయడం నేర్చుకుంటారన్న మాటే రుచించి ఉండదు.

ఆయన ఉన్న మారియెన్‌థాల్ ప్రష్యా కింద లేదు కాబట్టి అక్కడ శిక్షణ సాగింది. 1852 ఏప్రిల్‌లో డెబ్బై ఏళ్లు నిండాయి, పిల్లలు వేడుక చేశారు. రెండు నెలలకు, జూన్ 21న కన్నుమూశారు. నిషేధం ఇంకా అమల్లోనే ఉంది. అది 1860లో తొలగింది. దగ్గర్లోని ష్వైనా ఊళ్లో ఆయన సమాధి మీద ఒక ఘనం, దాని మీద స్తూపం, ఆ పైన గోళం నిలబెట్టారు. రెండో కానుకే, రాతిలో.

జర్మనీ వదిలి వెళ్లిన కుటుంబాలు ఆయన పద్ధతిని వెంట తీసుకుపోయాయి. అమెరికాలో మొదటి కిండర్‌గార్టెన్‌ను 1856లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో మార్గరేతె షుర్ట్స్ అనే తల్లి జర్మన్ భాషలోనే నడిపింది. 1876లో ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌లో ఫ్రోబెల్ కానుకలు చూసిన ఒక అమ్మ తన కొడుకు కోసం వాటిని సంపాదించింది. ఆ అబ్బాయి ఫ్రాంక్ లాయిడ్ రైట్, తర్వాత ప్రపంచంలోని గొప్ప ఆర్కిటెక్టుల్లో ఒకరయ్యారు. అదే 1876లో టోక్యోలో కిండర్‌గార్టెన్ మొదలైంది. అక్కడ ముఖ్య ఉపాధ్యాయురాలు క్లారా మత్సునో, జర్మనీలో పుట్టిన ఆవిడ. జపాన్‌కు వందల ఏళ్లుగా సొంత మడత విద్య ఉంది. చిన్నపిల్లల తరగతుల్లో రెండు ప్రవాహాలూ కలిశాయి. మనం ఇవాళ ఒరిగామి అని జపాన్ పేరుతో పిలుస్తున్నదాంట్లో ఈ మాస్టారి చదరం కూడా ఉంది.

మన వైపు కూడా ఒక దారి వచ్చింది. 1893లో మద్రాసులో తండలం సుందరరావు గారు కాగితం మడతలతో రేఖాగణితం చెప్పే ఒక ఇంగ్లిషు పుస్తకం అచ్చు వేశారు. కిండర్‌గార్టెన్‌లోని కాగితం మడతే తనకు ఆ ఆలోచన ఇచ్చిందని అందులో చెప్పారు. దాన్ని జర్మనీలోని గణిత శాస్త్రవేత్త ఫెలిక్స్ క్లైన్ తన పుస్తకంలో ప్రస్తావించారు. 1901లో అమెరికాలో దాని కొత్త ముద్రణ వచ్చింది. జర్మనీలో పిల్లల ఆటగా మొదలైంది మద్రాసులో గణితమై మళ్లీ జర్మనీ చేరింది.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. ఆయన పోయాక ఆ మడతలకు పట్టికలు, నంబర్లు వచ్చాయి. చాలా తరగతుల్లో పిల్లలందరూ ఒకే మాటకు ఒకే మడత మడిచి, ఒకేసారి చేతులు కట్టుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొత్త తరం విద్యావేత్తలు దీన్ని గట్టిగా విమర్శించారు. చాలా బడులు మడతలను పక్కన పెట్టేశాయి. పిల్లవాడు తనంతట తాను వెతుక్కోవాల్సిన పువ్వు, టీచరు చెప్పిన పన్నెండో నంబరు పువ్వుగా మారితే ఇంకేం మిగులుతుంది?

ఇక మీ పక్కనున్న కాగితం. చార్టు లాంటి మందపు కాగితం వద్దు, పలచటిది కావాలి. ఏ4 కాగితమైతే ఒక మూలను ఎదుటి అంచుకు ఆనించి త్రిభుజంగా మడిచి, మిగిలిన పట్టీని కత్తిరించేస్తే చదరం వస్తుంది. పిల్లలకు ఒకటి, మీకు ఒకటి. రెండు వైపులా మూల నుంచి మూలకు మడిచి విప్పితే మధ్య ఎక్కడుందో గీతలు చెబుతాయి. నాలుగు మూలలనూ ఆ మధ్యకు మడవండి. చిన్న చదరం వచ్చింది కదా, దాని నాలుగు మూలలనూ అదే వైపు మళ్లీ మధ్యకు మడవండి. ఇప్పుడు కాగితాన్ని బోర్లా తిప్పి, మూడోసారి నాలుగు మూలలనూ మధ్యకు మడవండి. మధ్యలో బొటనవేలితో నొక్కి పట్టుకుని వెనక వైపు చూడండి. ప్రతి మూల కింద ఒక వదులు రెక్క ఉంటుంది. దాని కొసను పట్టుకుని మెల్లగా ఆ మూల మీదుగా పైకి లాగితే రేకు నిలబడుతుంది. నాలుగూ అయ్యాక, వాటి మధ్య సందుల్లో వెనక ఇంకో నాలుగు రెక్కలు దొరుకుతాయి. వాటినీ లాగితే ఎనిమిది రేకుల తామర.

మూడు నాలుగేళ్ల పిల్లలకు మూలలు మధ్యకు తేవడమే పెద్ద పని, మొదటి రోజు అక్కడితో ఆపేయండి. రేకులు లాగడం ఆరేళ్లు దాటినవాళ్లకు కుదురుతుంది. అప్పుడు కూడా మొదటి రేకు చిరగడం మామూలే, కాబట్టి ముందు ఒక పేపర్ న్యాప్‌కిన్‌తో చేయించండి. అది మెత్తగా సాగుతుంది. పువ్వును బడికి పంపితే వెనక పేరు పిల్లలనే రాయనివ్వండి. అక్షరం తిరగబడినా ఫరవాలేదు.